మాట కాపలా

ఖాళీ ట్యాంకులోకి ఒక మనిషి దిగితే పైన ఇంకో మనిషి కూర్చోవాలి. దిగిన మనిషి నోరు మూయకూడదు. ఆ రాకెట్ల యార్డులో ఈ పద్ధతికి మాట కాపలా అని పేరు. లోపలివాళ్ళు పాట పాడుకోవచ్చు, పైఅధికారిని తిట్టుకోవచ్చు, చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న ఎక్కాలు వల్లించుకోవచ్చు. ఏదైనా సరే, మాట మాత్రం సాగుతూ ఉండాలి. పైన కూర్చున్నవాళ్ళు ఊఁ కొడుతూ ఉండాలి. మాట ఆగితే ఎందుకాగిందని ఆలోచించకుండా తాడు లాగాలి. ట్యాంకులో గాలి చెడితే మనిషికి తెలియదు. వాసన రాదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. మాట్లాడుతున్న మనిషి సగం మాటలో ఆగిపోవడమే, అంతే.

ఈ పద్ధతి పెట్టింది అక్కడి ఫోర్‌మన్. ఆయన ఏం చెప్పినా ముందు 'జాగ్రత్త' అంటాడు కాబట్టి అందరికీ జాగ్రత్త బాబాయి అయిపోయాడు. కాఫీ తాగుతావా అని అడగడానికి కూడా జాగ్రత్త అనే మొదలుపెట్టే మనిషి. నవ్వుకునేవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు గాని, ఆయన కింద పనిచేసినవాళ్ళందరూ సాయంత్రానికి తమ కాళ్ళమీద తాము నడిచి ఇంటికి వెళ్తున్నారు. ఆ రోజు ఆయన కాపలా పని పెద్దకోడలికీ, లోపలికి దిగే పని చిన్నకోడలికీ అప్పజెప్పాడు.

వీళ్ళిద్దరూ తోడికోడళ్ళు. అన్నదమ్ముల్ని చేసుకుని ఒకే ఇంట్లో కాపురం పెట్టారు, ఒకే యార్డులో పనికి కుదిరారు. ఇంట్లో పిలిచే పిలుపులే యార్డులోనూ స్థిరపడిపోయాయి. పెద్దకోడలిది కాళ్ళ విభాగం. అంటే, పైకెళ్ళిన రాకెట్టు తిరిగొచ్చి నేలమీద నిలబడడానికి విచ్చుకునే కాళ్ళను బిగించి సరిచూసే చోటు. చిన్నకోడలు అతుకులు పరీక్షించే మనిషి. పుల్లలా ఉంటుంది, ఎంత ఇరుకులోనైనా దూరిపోతుంది. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు పెద్దలు. వీళ్ళ విషయంలో ఆ సామెత చాలాకాలం పాటు చెల్లకుండా పోయింది. కాళ్ళ పని లేని రోజుల్లో ఈ జంట ట్యాంకు పనికి ఎక్కిందంటే కింద ఉన్నవాళ్ళు చేతిలో పని పక్కన పెట్టి మరీ వినేవాళ్ళు. లోపలినుంచి చిన్నది అత్తగారి గొంతు అనుకరించేది, పైనుంచి పెద్దది మామగారిలా దగ్గేది.

చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో సంగతి ఒకటుంది. ఆ దంపతులకు ఇచ్చిన పై గదికి రేకుల కప్పు. ఎండ తగ్గేసరికి ఆ కప్పు టంగు టంగుమని చప్పుడు చేసేది. ఆ పిల్ల మెట్లమీదినుంచి పరుగెత్తుకొచ్చి పెద్దకోడలి కొంగు పట్టుకుంది.

"అక్కా, పైన ఎవరో నడుస్తున్నారు."

"ఎవరూ లేరే పిచ్చిదానా. పొద్దుటినుంచీ కాగిన రేకు ఇప్పుడు చల్లారుతోంది. ఇనుము చల్లబడేటప్పుడు అట్లాగే మాట్లాడుతుంది."

ఆ తర్వాత చాలాకాలం, చప్పుడు మొదలైతే చాలు, 'అక్కా, మీ ఇనుము మాట్లాడుతోంది' అని నవ్వేది చిన్నకోడలు.

ఇంత స్నేహమూ ఒక్క సమావేశంలో మంటగలిసింది. ఆ రాకెట్టు ఒకసారి ఎగిరి సముద్రంలో పడిపోయే రకం కాదు. పైకి లేవాలి, గాల్లో నిలవాలి, మళ్ళీ మెల్లగా దిగి తన కాళ్ళమీద తాను నిలబడాలి. కడిగి, తుడిచి, మళ్ళీ ఎగరెయ్యాలి. ఉన్న నమూనా ఒక్కటే. నిప్పుల మీద కూర్చుని కూడా చెక్కుచెదరకుండా తిరిగొచ్చే దాని స్వభావం చూసి పనివాళ్ళు మొండిది అని పేరు పెట్టుకున్నారు. అట్లాంటి మొండిది కిందటిసారి దిగేటప్పుడు ఒక కాలు జారి పక్కకు వాలిపోయింది. పడిపోలేదు గాని, చూసినవాళ్ళ పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడు అందర్నీ కూర్చోబెట్టి, ఆ కాలు ఆఖరిసారి ఎవరు చూశారని అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు చిన్నకోడలు లేచి నిలబడింది.

"మా అక్క చూసింది. ఆ రోజు అక్కకి జ్వరం. ఇంటికెళ్ళమని నేను చెప్పాను, వినలేదు."

చిన్నకోడలి లెక్కలో అది వెనకేసుకు రావడం. పెద్దకోడలి చెవికి మాత్రం నలుగురిలో నిలబెట్టి దుమ్మెత్తిపోయడం. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందన్న ఇంగితం ఉండొద్దా అనుకుంది. ఆమెను కాళ్ళ దగ్గరినుంచి తప్పించి తాళ్ళు, నిచ్చెనలు, కాపలాల పనికి మార్చారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ సాయంత్రంనుంచి తోడికోడళ్ళ మధ్య మాటల్లేవు.

ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోకపోవడం తేలికేం కాదు, దానికీ నైపుణ్యం కావాలి. పెద్దకోడలు గోడతో అనేది, "కొందరు గీజరు కట్టెయ్యరు." చిన్నకోడలు తలుపుతో అనేది, "కొందరు కట్టేసినా చూడరు." మధ్యలో అత్తగారు ఇటు తిరిగీ అటు తిరిగీ మెడ నొప్పి తెచ్చుకుంది. "మీరు కలిసుంటే నామీద చాడీలు చెప్పుకునేవాళ్ళు, నాకు తెలుసు. ఆ చాడీలే బాగుండేవి తల్లీ," అని ఒకరోజు ఆవిడ పైకే అనేసింది. అయినా ఇద్దరిలో ఎవరూ దిగిరాలేదు. ముందు అది మాట్లాడాలి, అప్పుడు నేను మాట్లాడతాను అని పెద్దకోడలు పట్టుబట్టి కూర్చుంది. అవతలివైపూ అదే పట్టు అయ్యుంటుంది.

జాగ్రత్త బాబాయికి ఈ సంగతి తెలుసు. తెలిసే జత చేశాడు. ఒకరు తాడు చివర, ఒకరు తాడు మొదట ఉంటే మాట్లాడక చస్తారా అనుకున్నాడు. మంచివాళ్ళు వేసే ఎత్తులు ఇట్లాగే ఉంటాయి.

మొండిదాన్ని మళ్ళీ ఎగరేసి చూసే పరీక్ష దగ్గర పడింది. కిందటిసారి ట్యాంకులో తిరిగిన కెమెరా, ఒక అడ్డపలక అతుకు మీద నల్లటి చార చూపించింది. లోపలి ఇంధనం అటూ ఇటూ కొట్టుకోకుండా ట్యాంకులో వరసగా కంతలున్న పలకలు బిగిస్తారు. ఆ చార మసి అయితే ఫర్వాలేదు. బీట అయితే మాత్రం మొండిది గాల్లోనే కడుపు పగిలి పోతుంది. ఎవరో ఒకరు దిగి, దీపం పెట్టి, వేలితో తడిమి చూడాల్సిందే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ పరంజా ఎక్కారు. యార్డు మధ్యలో ఎండలో నిలబడి ఉంది మొండిది. పక్కలంతా మసి, మసి మధ్యలో మెరిసే ఉక్కు. ట్యాంకు నోటి దగ్గర గిలకకు తాడు వేసి, గాలి గొట్టం లోపలికి దించి, పెద్దకోడలు చిన్నకోడలి భుజాలకూ నడుముకూ పట్టీలు బిగించింది. ప్రతి బకిలూ రెండుసార్లు లాగి చూసింది. మొహంలోకి మాత్రం చూడలేదు. చిన్నకోడలు ఏదో అనబోతున్నట్టు పెదవి కదిపింది. అది క్షమాపణ అయితే వినాల్సి వస్తుంది, సమర్థన అయితే ఒళ్ళు మండుతుంది. రెంటికీ సిద్ధంగా లేని పెద్దకోడలు, పెట్టెలోంచి ఒక ఇత్తడి స్పానరు తీసి ఆమె చేతిలో పెట్టింది. తన చేతిలోని స్పానరుతో ట్యాంకు అంచుమీద ఒకసారి తట్టింది. తర్వాత రెండు వేళ్ళు చూపించింది. నేను ఒకటి తడతాను, నువ్వు రెండు తట్టు, మాటలు అక్కర్లేదు అని దాని అర్థం.

చిన్నకోడలు ఆ స్పానరుని కాసేపు చూసింది. తర్వాత తలూపి, నిచ్చెన మీద కాలు పెట్టి లోపలికి దిగిపోయింది.

కిందినుంచి బాబాయి గొంతు వినిపించింది. "జాగ్రత్త. ఏమ్మా, మాటలు వినపడట్లేదేంటి?"

"మెల్లగా మాట్లాడుకుంటున్నాం బాబాయ్. మా ఇంటి సంగతులు నీకెందుకు?"

ఆయన సంతోషంగా నవ్వి ఇంజన్ల వైపు వెళ్ళిపోయాడు. తన ఎత్తు పారిందనుకున్నాడు పాపం.

పెద్దకోడలు ట్యాంకు నోటి పక్కన కూర్చుని లోపలికి తొంగి చూసింది. పై పలకకు తగిలించిన గాలి మీటరు ఆకుపచ్చగా వెలుగుతోంది. నిజానికి ఆ మీటరు దిగే మనిషి నడుముకు ఉండాలి. దాని పట్టీ ఇరుకు కంతల్లో చిక్కుకుంటోందని, పై పలకకే తగిలించి దిగడం అందరికీ అలవాటైపోయింది. పైన బాగున్న గాలి కింద మాత్రం ఎందుకు బాగుండదులే అన్న ధీమా. చిన్నకోడలి దీపం ఒక్కో పలకా దాటుతూ, ఒక్కో కంతలోంచీ చిన్నదవుతూ అడుగుకు చేరింది. ఆ తర్వాత పలకల చాటున కనిపించకుండా పోయింది.

పెద్దకోడలు ఒకసారి తట్టింది. అడుగునుంచి రెండు తట్లు వచ్చాయి, గట్టిగా, కాస్త పొగరుగా. సరే అనుకుంది. కాసేపాగి మళ్ళీ తట్టింది. మళ్ళీ రెండు. గాలి గొట్టం బుసబుసలాడుతోంది. తాడు చేతిలో వదులుగా ఉంది. ఇంత సులువైన పద్ధతి ఉండగా ఇన్నాళ్ళూ గొంతులు చించుకున్నాం కదా అనుకుంది. మూడోసారి తట్టినప్పుడు వచ్చిన రెంటికీ మధ్య కొంచెం ఎడం ఉంది. అతుకు చూస్తూ ఒంటిచేత్తో తడుతోంది కాబోలు అనుకుంది.

ఇంతలో ఎండ పోయింది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక మబ్బు యార్డు మొత్తం కమ్మేసింది, చల్లటి గాలి కొట్టింది. పెద్దకోడలు అలవాటుగా స్పానరు ఎత్తింది. ఆమె తట్టకముందే లోపల టంగుమంది.

తొందరపడుతోంది అనుకుని నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదాలమీద ఉండగానే ఇంకో టంగు వినిపించింది. అది అడుగునుంచి రాలేదు. పక్కనుంచి వచ్చింది, మధ్య పలకల దగ్గరినుంచి. దీపం అక్కడ లేదు. ఆమె ఊపిరి బిగబట్టి వింది. మరొకటి. ఈసారి ఆమె చేతికింద, ఆమె కూర్చున్న అంచులోనే.

ఆ చప్పుడు తను ఎరిగినదే. ఎక్కడ విన్నదో ఒక్క క్షణం తట్టలేదు, మరుక్షణం మెట్లమీదినుంచి పరుగెత్తుకొచ్చిన పిల్ల కళ్ళముందు నిలబడింది. అక్కా, పైన ఎవరో నడుస్తున్నారు. ఎవరూ లేరే పిచ్చిదానా.

తట్టేది చిన్నది కాదు, ఇనుము.

పెద్దకోడలు పరంజా అంచునుంచి వంగి కిందికి చూసింది. ట్యాంకు అడుగు బయటివైపు చెమట పట్టింది. మసి మీద నీటి చారలు కారుతున్నాయి. ఖాళీగా, వెచ్చగా ఉండాల్సిన అడుగది. మసి కడిగే నీళ్ళు కావవి, లోపలి చలి బయటికి పోసిన చెమట. ఏదో గొట్టంలోంచి, ఊపిరికి పనికిరాని చల్లటి నైట్రోజన్ లోపలికి కారుతోంది. చలి గాలి బరువుగా అడుగునే పేరుకుంటుంది, పై పలక దగ్గరి మీటరు దాకా రాదు. చిన్నది కూర్చున్నది ఆ అడుగులోనే. ఏ చలి ఆమె ఊపిరి తీస్తోందో ఆ చలే ఉక్కును బిగిస్తూ ఆమె బదులు తడుతోంది.

ఎంతసేపటినుంచి? మూడోసారి వచ్చిన తట్లు ఎవరివి?

"ఏమే," అంది పెద్దకోడలు. ఆ మాట నెలల తరబడి తుప్పు పట్టి ఉంది, గొంతులోంచి సరిగ్గా పెగలలేదు. ఇంకోసారి అరిచింది. "ఏమే, విన్నావా? చెల్లీ."

లోపల తన గొంతే గిర్రున తిరిగి తనకే వచ్చింది. దాని వెనక ఒక టంగు.

ఆమె గిలక పట్టుకుని తిప్పింది. తాడు బిగిసింది, బరువు లేచింది, కొంచెం పైకి వచ్చింది, అక్కడితో ఆగిపోయింది. వాలిపోయిన ఒళ్ళు కింది పలక కంతకు అడ్డం పడింది. ఇంకా లాగితే భుజం విరుగుతుంది, లాగకపోతే ప్రాణం పోతుంది. ఆమె మెడలోని విజిల్ నోట్లో పెట్టుకుని ఊదింది. కింద యార్డులో సుత్తులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. బాబాయి అరుస్తున్నాడు. ఎవరో పరుగెడుతున్నారు. ఊపిరి ముసుగులు వేసుకుని దిగేవాళ్ళు యార్డు అవతలి చివర ఉంటారు, అక్కడినుంచి రావాలి, పరంజా ఎక్కాలి.

అప్పటికే తన కాలొకటి ట్యాంకు నోట్లో ఉందని ఆమె గమనించింది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. నిచ్చెన మొదటి మెట్టు అరికాలికి తగులుతోంది. దిగితే చాలు, నాలుగు పలకలు దాటితే చేతికి అందుతుంది. ఒళ్ళంతా దిగమంటోంది. బాబాయి ప్రతి కొత్త మనిషికీ మొదట చెప్పే మాట ఒకటుంది. జాగ్రత్త, ట్యాంకులో పడినవాళ్ళకంటే వాళ్ళకోసం దిగి పడినవాళ్ళే ఎక్కువ. తను దిగితే తాడు దగ్గర ఎవరూ ఉండరు. ఇద్దరూ పోతారు, ఒక ఇంటికి ఇద్దరు కోడళ్ళూ ఒకేరోజు. ఆ కాలు వెనక్కి తీసుకోవడమంత కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు. దిగని మనిషిగా మిగిలిపోతానేమోనన్న భయం, దిగాలన్న తపనకంటే పెద్దదైంది. అయినా తీసేసుకుంది.

కాలు తీశాక బుర్ర పనిచేసింది. గాలి గొట్టం. దాన్ని సగం దాకా దించి అంచుకు కట్టి ఉంచారు, అడుగు దాకా ఏనాడూ దించలేదు. ఆమె పళ్ళతో ముడి లాగి విప్పింది. తాడు వెంబడే, ఒక్కో కంతలోంచి గొట్టాన్ని కిందికి తోసింది. తగులుకుంది. వెనక్కి లాగి, తిప్పి, మళ్ళీ తోసింది. దిగింది. ఇంకో పలక. అరచేతులు చెక్కుకుపోయాయి. గొట్టం ఇంక దిగనని మొరాయించేసరికి, దాని మూతి చిన్నకోడలి దగ్గరికి చేరిందో, పక్క గోడకు ఊదుతోందో ఆమెకు కనిపించలేదు.

చెయ్యగలిగింది ఇంక ఒక్కటే. తాడు బిగువుగా పట్టుకుని ట్యాంకు నోట్లో మొహం పెట్టి మాట్లాడింది.

"ఒసే, లే. నీకు గీజరు కట్టెయ్యడం రాదు సరే, ఊపిరి పీల్చడం కూడా రాదా? నీ మొహం దగ్గరికి గాలి పంపాను, పీల్చు. విన్నావా? జ్వరం వచ్చిందే ఆ రోజు, నిజమే. నాకు ఒళ్ళు తెలియలేదు. నువ్వు వెళ్ళమన్నావు, నేను వినలేదు. నువ్వు అబద్ధం చెప్పలేదే. నాకు కోపం వచ్చింది అబద్ధం చెప్పనందుకే. లేవే. అత్తగారికి నేనేం చెప్పుకోను? నీ మొగుడు నన్ను వదినా అని పిలుస్తాడా ఇంక? మాట్లాడు. తిట్టు, పోనీ. ఏదో ఒకటి అను."

ఇనుము జవాబు చెప్పింది. టంగు. టంగు. ఆమె చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ముసుగులవాళ్ళు వచ్చారు, దిగారు, ఒళ్ళు తిప్పి కంతలోంచి తప్పించారు, గిలక తిరిగింది. పైకి వచ్చిన మొహం మసిబారిన ఉక్కు రంగులో ఉంది. కుడిచెయ్యి ఇత్తడి స్పానరుని వదల్లేదు. వైద్యుడు మోకాళ్ళమీద కూర్చుని మెడ పట్టి చూసి, "కొట్టుకుంటోంది," అన్నాడు. గాలి గొట్టం ఆమె చెంప పక్కనే ఊదుతూ ఉందని దిగినవాళ్ళలో ఒకడు తర్వాత చెప్పాడు. పెద్దకోడలు ఆ మాట విని సంతోషించలేకపోయింది. మూడోసారి తట్టినప్పుడే పిలిచి ఉంటే గొట్టం అవసరమే వచ్చేది కాదు కదా.

విచారణలో ఆమెను ఎవరూ గుచ్చి అడగలేదు. ఇంజన్ల వైపు ఒక వాల్వు మూసినా పూర్తిగా మూసుకోలేదని అప్పటికే తేలింది, మీటరు పైన తగిలించే అలవాటూ బయటపడింది. అయినా లేచి నిలబడింది.

"మేం మాట్లాడుకోలేదు. మాటలకు బదులు స్పానర్లతో తడదామని నేనే సైగ చేశాను. బాబాయి అడిగితే మాట్లాడుతున్నామని అబద్ధం చెప్పాను."

జాగ్రత్త బాబాయి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన నోట ఆ రోజు జాగ్రత్త అన్న మాట రాలేదు. "వీళ్ళని కలుపుదామని ట్యాంకు దగ్గర పెట్టాను. కలపడానికి అదా చోటు?" అన్నాడు. పెద్దకోడల్ని పనినుంచి పక్కన పెట్టారు. ఆమె తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్క కుర్చీలో కూర్చుంది.

చిన్నకోడలు ఊపిరి తనే తీసుకుంటోంది. కళ్ళు తెరుస్తోంది. చూపు మాత్రం ఎవరిమీదా నిలవడం లేదు. మాట వస్తుందో రాదో, వచ్చినా మనుషుల్ని పోల్చుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేమని వైద్యులు అన్నారు. ఆమె భర్త పగలు వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు, వదినతో మాట్లాడడు. ఆ మౌనం న్యాయమే అనిపించింది పెద్దకోడలికి. అత్తగారు వచ్చి చిన్నకోడలి తల నిమిరి, పెద్దకోడలి వైపు తిరిగి, "నువ్వైనా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండవే," అని వెళ్ళిపోయింది.

ఆమె మాట్లాడుతూనే ఉంది. వంటింటి కుళాయి గురించి, పక్కవాటా వాళ్ళ కుక్క గురించి, అతుకు మీది చార ఒట్టి మసేనని తేలిన సంగతి గురించి. జవాబు లేని మాటలు మాట్లాడడం ఎంత భయంగా ఉంటుందంటే, మధ్యలో ఆగితే తనకే ఊపిరి ఆగుతుందేమో అనిపించేది. సెలైను స్టాండు కదిలి మంచానికి తగిలినా, కిటికీ తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడి చిన్నకోడలి గుండెలు లేచి పడుతున్నాయో లేదో చూసుకునేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆసుపత్రి కిటికీలోంచి యార్డు కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మొదట అద్దాలు వణికాయి. తర్వాత నేలలోంచి ఉరుము.

"లేచింది," అంది పెద్దకోడలు, చిన్నకోడలి చెవి దగ్గర వంగి. "మన మొండిది లేచిందే. ఇప్పుడు పైన నిలబడుతుంది చూడు. అదిగో, గొంతు మారింది. దిగుతోంది. ఇంకొంచెం. కాళ్ళు విచ్చుకునే వేళ."

ఉరుము ఒక్కసారిగా ఆగిపోయింది. నిలబడిందా, పడిందా? పడితే పెద్ద పేలుడు వినిపించాలి. వినిపించలేదు. వినిపించడానికి ఇంకా సమయం ఉందేమో. పెద్దకోడలు మంచం ఊచ పట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఊచమీద చప్పుడైంది. టంగు, టంగు.

కళ్ళు తెరవడానికి ధైర్యం చాలలేదు. గాలికి ఏదో తగిలి ఉంటుంది. ఇనుము చల్లబడి ఉంటుంది. ఇంకోసారి మోసపోవడం తనవల్ల కాదు. మళ్ళీ చప్పుడైంది, రెండు, గట్టిగా, కాస్త పొగరుగా. కళ్ళు తెరిచి చూస్తే చిన్నకోడలి వేలి ఉంగరం ఊచకు ఆనుకుని ఉంది.

"తట్టకే," అంది పెద్దకోడలు. "నీకు దణ్ణం పెడతాను, తట్టకు. నేను తట్టడాన్ని నమ్మను. నోటితో అను."

చిన్నకోడలి పెదవులు రెండుమూడుసార్లు ఊరికే కదిలాయి. చూపు మెల్లగా వచ్చి పెద్దకోడలి మొహం మీద ఆగింది.

"కాళ్ళు," అంది, గీరుకుపోయిన గొంతుతో. "ఎవరు చూశారు?"

ఆ ప్రశ్నే కదా నెలల తరబడి ఇంట్లో గోడలా నిలబడింది. పెద్దకోడలు నవ్వబోతే ఏడుపు వచ్చింది.

"నేను కాదే. నన్నిక్కడ కాపలా పెట్టారు."

ఒళ్ళోని ఫోను మోగింది. జాగ్రత్త బాబాయి పంపిన సందేశం. 'జాగ్రత్త. నిలబడింది,' అని ఉంది. ఆమె దాన్ని చిన్నకోడలి కళ్ళముందు పెట్టింది. చిన్నకోడలు చదివిందో లేదో తెలియదు. కళ్ళు మళ్ళీ బరువుగా వాలిపోతున్నాయి. వాలుతున్న ఆ రెప్పల్ని చూసి పెద్దకోడలు ఫోను పక్కన పడేసి ఇంకా దగ్గరికి వంగింది.

"అక్కా," అంది చిన్నకోడలు, కళ్ళు మూసుకునే. "నిద్రొస్తోంది. మాట్లాడుతూ ఉండు."

పెద్దకోడలు కుర్చీ దగ్గరికి లాక్కుని, ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుని, అత్తగారి మీద చాడీలు మొదలుపెట్టింది. మధ్యమధ్య ఆగి చూసేది. ఆగినప్పుడల్లా మంచంమీదినుంచి నిద్రమత్తుగా ఊఁ అని వినిపించేది.